గనెమ్మను ఆ ఇంటికి ఎందుకు ఇవ్వలేదంటే

2022 ఎండాకాలం నాటి మాట ఇది. కర్నూలు నుంచి కోడుమూరు వెళ్ళే దారిలో ఊరు దాటాక మా కుక్కల షెల్టరు ఉంటుంది. షెల్టరంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక రేకుల షెడ్డు, ఒక బోరు, కొన్ని వేపచెట్లు, వాటి నీడన ఇనుప జాలీ గదులు. అంతకుముందు నేను పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుని. బర్రెలకు సూదులు వేసి, గొర్రెలకు మందులు తాపి సర్వీసంతా గడిపాను. రిటైరయ్యాక ఇంట్లో కూర్చుని సీరియళ్ళు చూడమంటే నా వల్ల కాలేదు. తోటివాళ్ళు ఇద్దరు ముగ్గురు తోడు వస్తే దెబ్బలు తగిలిన కుక్కల్ని తెచ్చి, బాగుచేసి, మంచి ఇళ్ళకు ఇచ్చే ఈ పని మొదలుపెట్టాను. మా వీధిలో నా అసలు పేరు సరోజమ్మ అని ఎవరికీ గుర్తులేదు. కుక్కలక్క అంటే ఆటోవాడు కూడా తిన్నగా తీసుకొచ్చి దింపుతాడు.

మా దగ్గర ఒక నియమం ఉంది. బడికి పోని చిన్నపిల్లలున్న ఇంటికి పెరిగిన కుక్కను ఇవ్వం. ఈ ఒక్క నియమానికి నేను తిన్న తిట్లు సర్వీసంతా కలిపి తినలేదు. "మా పిల్లోడు కుక్కలంటే ప్రాణం ఇస్తాడు మేడం" అని మొదలుపెడతారు. కుదరదంటే "మీ కుక్కలు ఏమన్నా బంగారు గుడ్లు పెడతాయా?" అని ముగిస్తారు. నాకూ నోరు తక్కువేం కాదు. "పెట్టవు నాయనా, అందుకే ఊరికే ఇస్తున్నాం, అయినా మీకు ఇవ్వం" అంటాను. మస్తాన్ నా చేతిలోంచి ఫోను లాక్కుని, వాళ్ళతో తీయగా మాట్లాడి పెట్టేస్తాడు. మస్తాన్ మా వ్యాను డ్రైవరు. కుక్కల్ని పట్టేదీ అతనే, కడిగేదీ అతనే, నా నోటి దురుసుకు అడ్డం పడేదీ అతనే.

నియమం వెనక పెద్ద రహస్యమేమీ లేదు. రెండేళ్ళ పిల్లవాడి ముఖం సరిగ్గా కుక్క నోటి ఎత్తులో ఉంటుంది. ప్రేమొస్తే మెడ పట్టుకుని వేలాడతాడు. తిక్క పుడితే తోక లాగుతాడు. కుక్క నిద్రపోతుంటే మీద పడతాడు. మా దగ్గరికి వచ్చే కుక్క అంతకుముందు ఎవరి చేతిలో ఏం తిన్నదో, ఏ శబ్దానికి ఉలిక్కిపడుతుందో మాకు పూర్తిగా తెలియదు. దానికి కష్టం కలిగితే "వద్దులే నాయనా" అని చెప్పడానికి ఉన్నది ఆ నోరొక్కటే. కరిచిందంటే పిల్లవాడికి కుట్లు పడతాయి, సూదులు పడతాయి, ఆ భయం వాడిని ఎన్నేళ్ళో పట్టుకుంటుంది. కుక్కకు ఇక ఈ జన్మలో ఇల్లు దొరకదు. పిల్లవాణ్ణి కరిచిందని తెలిశాక దాన్ని ఎవరు తీసుకుంటారు చెప్పండి. కొందరు కొట్టి చంపేస్తారు కూడా. ఆ రెండు పాపాలూ నాకొద్దు.

ఇదంతా షెల్టరు పెట్టేముందు ట్రైనింగులో మాకు చెప్పిన మాటే. ఆ మాట నా మనసుకు ఎక్కింది మాత్రం గనెమ్మ వల్ల.

బేతంచెర్లలో శివారెడ్డి అని ఒకాయనకు నాపరాయి గని, బండలు పాలిష్ పట్టే ఫ్యాక్టరీ ఉన్నాయి. ఆయన గని పక్కనే రాయి అయిపోయి వదిలేసిన పాతగని ఒకటుంది. ఆ ఏడు మండువేసవిలో ఒక ఆడకుక్క అందులో పడిపోయింది. నాలుగు పక్కలా నిలువు గోడ, ఎక్కడానికి దారి లేదు. అడుగున ఉన్న మడుగులో నీళ్ళు తాగి ప్రాణం నిలబెట్టుకుంది. మధ్యాహ్నం సద్దులు విప్పేటప్పుడు గనిలో పనిచేసే ఆడవాళ్ళు తలా ఒక ముద్ద పైనుంచి విసిరేవారట. కొన్ని దాని ముందు పడేవి. ఎక్కువ భాగం మధ్యలో రాతి అంచు మీద ఆగిపోయేవి. అది తలెత్తి చూస్తుండగానే కాకులు వచ్చి తన్నుకుపోయేవి. గనెమ్మ అనే పేరు ఆ ఆడవాళ్ళు పెట్టిందే.

బడికి సెలవులు కావడంతో శివారెడ్డి కూతురు హారిక ఒకరోజు నాయనతో గనికి వెళ్ళింది. మూడో తరగతి పిల్ల. కుక్క మూలుగు విని, దాన్ని పైకి తీస్తే గాని అన్నం తిననని మొండికేసింది. శివారెడ్డికి కూతురంటే ఎంత ముద్దో ఆయన ఫోనులో మాట్లాడిన తీరులోనే నాకు తెలిసింది. "అమ్మా, మీరు ఎవరో నాకు తెల్దు. కుక్కలను చూసుకుంటారంట. తొందరగా రాండి. మా పాప ముద్ద ముట్టడంల్యా" అన్నాడు. మస్తాన్ తాడు కట్టుకుని దిగి, గోనెపట్టాలో చుట్టి పైకి తెచ్చాడు. ఎముకల గూడు. ఒక చెవి సగం లేదు. అరవడానికి కూడా ఓపిక లేదు దానికి. హారిక గట్టు మీద నిలబడి ఏడుస్తూనే నవ్వింది.

రెండు నెలల్లో గనెమ్మ కోలుకుంది. రాగి రంగు బొచ్చు వచ్చింది, కళ్ళలోకి వెలుగు వచ్చింది. బండల లోడు పని మీద శివారెడ్డి ఆదివారం ఆదివారం కర్నూలు వచ్చేవాడు. హారికను మా దగ్గర దింపి తన పని చూసుకుని వచ్చేవాడు. ఆ పిల్ల జాలీ గదిలో గనెమ్మ పక్కన చతికిలపడి తెలుగు వాచకం గట్టిగా చదివి వినిపించేది. గనెమ్మ తల ఆ పిల్ల ఒడిలో పెట్టుకుని కళ్ళు మూసుకునేది. "ఆంటీ, దీనికి పద్యాలు శానా ఇష్టం, లెక్కలు చదివితే లేసి పోతాది" అని నాకు చెప్పేది. ఆ జంటను చూస్తే నాకు కడుపు నిండిపోయేది. ఆదివారం వాళ్ళు రావడం ఆలస్యమైతే గనెమ్మ గేటు వైపే చూస్తూ కూర్చునేది.

అందుకే శివారెడ్డి వచ్చి "అక్కా, గనెమ్మను మా ఇంటికి తీసుకుపోతాం" అన్నప్పుడు వెంటనే కుదరదనడానికి నాకు మనసొప్పలేదు.

"ఇంట్లో ఎవరెవరు ఉంటారప్పా?" అని అడిగాను, జవాబు తెలిసే.

"నేను, మా యావిడ, మా యమ్మ, పాప. ఇంగ మా చిన్నోడు రిషి. రెండేళ్ళు వానికి."

"చిన్నపిల్లోడు ఉండాడంటే కుదరదు శివా. మాకు ఒక రూలు ఉండాది."

ఆయన ముఖం ఎర్రబడింది. "ఏందక్కా ఇది. అది చస్తాంటే మిమ్మల్ని పిలిపించింది మేము. ఇన్నాళ్ళూ దానికి ఏం కావాలన్నా తెచ్చిచ్చింది మేము. ఇప్పుడు మా ఇంటికి ఇయ్యమంటే ఇంత విచారణ చేస్తాండావు. పిల్లనేమన్నా అడుగుతాండామా?"

"పిల్లనడిగితే ఇంత విచారించను. పిల్లకు నోరుంటాది, బాగలేకపోతే పుట్టింటికొచ్చి చెప్పుకుంటాది. దీనికి ఎవరున్నారు?" అన్నాను. మస్తాన్ దగ్గాడు. అంటే ఇక ఆపమని.

హారిక జాలీ గదిలోంచి అంతా వింటోంది. గనెమ్మ మెడ చుట్టూ చెయ్యి వేసి నా వైపు చూసింది. ఆ చూపుకు నేను కరిగాను. ఇస్తానని చెప్పలేదు గాని, హోమ్ చెక్‌కు వస్తానన్నాను. హోమ్ చెక్ అంటే కుక్కను ఇచ్చే ముందు ఆ ఇంటికి మేమే వెళ్ళి, గోడలెంత ఎత్తు, గేటు ఎలా ఉంది, ఇంట్లోవాళ్ళు ఎలా మసలుతారు అని చూసి రావడం. కుక్కను కూడా మెడకు లీషు తాడు కట్టి వెంట తీసుకుపోతాం. ఆ ఇంటిని అది కూడా చూడాలి కదా.

మరుసటి ఆదివారం పొద్దున్నే బేతంచెర్ల చేరాం. సొంత ఫ్యాక్టరీ బండలే కాబట్టి ఆ ఇల్లు లోపలా బయటా నున్నగా పరిచి ఉంది. నడవాలో ఎండ పడని చోట చాప వేసి మమ్మల్ని కూర్చోబెట్టారు. శివారెడ్డి భార్య అనురాధ మాకు మజ్జిగ ఇచ్చి, గనెమ్మకు గిన్నెలో నీళ్ళు పెట్టింది. ఆ మర్యాదకే ఆమె నాకు నచ్చింది.

రిషిగాడు బొద్దుగా, తప్పటడుగులు దాటి పరుగు నేర్చిన వయసులో ఉన్నాడు. రావడంతోనే గనెమ్మ మిగిలిన సగం చెవి పట్టుకున్నాడు. మస్తాన్ లీషు దగ్గరికి లాగాడు. గనెమ్మ కదల్లేదు, తోక ఊపింది. వాడు దాని ముక్కులో వేలు పెట్టాడు. నేను వాడి చెయ్యి పక్కకు తీశాను. గనెమ్మ ఆ వేలిని నాకింది. వాడు కిలకిలా నవ్వాడు. శివారెడ్డి నా వైపు చూసి "చూసినావా అక్కా?" అన్నాడు. వాళ్ళమ్మ ఓబులమ్మ గడపలో కూర్చుని వక్క నములుతూ "ఇది కుక్క కాదమ్మా, గోవు" అని తీర్పు చెప్పింది. హారిక అప్పటికే గనెమ్మ పడుకోవడానికి మెట్ల కింద పాత దుప్పటి పరిచి పెట్టింది. నిజం చెప్పాలంటే నాకూ మనసు ఊగింది. రూలు మనం రాసుకున్నదే కదా, ఈ ఒక్క ఇంటికి సడలిస్తే ఏమవుతుంది అనిపించింది.

మధ్యాహ్నమైంది. ఓబులమ్మ మనవడికి అన్నం తినిపించడానికి కూర్చుంది. గిన్నెలో పప్పన్నం, నెయ్యి వాసన నడవా అంతా కమ్మింది. వాడు మన పిల్లలందరిలాగే మొదటి ముద్ద తిన్నాడు, రెండోదానికి మూతి ముడిచాడు. ఇక ఆ జేజి ఏం చేసిందో మీరు ఊహించగలరు. నేనైనా అదే చేసేదాన్ని, నా పిల్లలకు అదే చేశాను కూడా. "తినవా? అట్లయితే కుక్కకు పెడతా. గనెమ్మా, రావే, ఈ ముద్ద నువ్వు తినుపో" అని చెయ్యి గనెమ్మ ముందుకు చాపింది. గనెమ్మ లేచి నోరు తెరిచింది. ముద్ద చటుక్కున వెనక్కి వెళ్ళి మనవడి నోట్లో పడింది. వాడు గబుక్కున మింగి నవ్వాడు. "బంగారు నాయనా" అని జేజి మురిసిపోయింది. ఇంకో ముద్ద కలిపింది. మళ్ళీ చాపింది, మళ్ళీ తీసుకుంది.

మన నేల మీద ఇలా తినని పిల్లవాడు ఎవడున్నాడు చెప్పండి. కాకికి పెడతా, పిల్లికి పెడతా, కుక్కకు పెడతా అంటూనే మన అందరి కడుపులూ నింపారు. వీధి గుమ్మంలో ఉన్న కుక్కకు ఎలా చూపించినా దానికి ఒకటే. ఆశపడి చూసి, రాకపోతే పక్కింటికి పోతుంది. కానీ ఈ కుక్క గనిలోంచి వచ్చింది. పైనుంచి కనిపించిన ముద్దను కాకి తన్నుకుపోతుంటే మెడ నిక్కించి చూసిన కుక్క ఇది.

నేను లోపలి గుమ్మం దగ్గర అనురాధతో మాట్లాడుతూనే గనెమ్మ వైపు చూశాను. తోక ఆగిపోయింది. నోరు మూసుకుంది. ఒళ్ళు బిగుసుకుంది. మా పనిలో దాన్ని ఫ్రీజ్ అంటాం. కుక్క అరిచిందంటే ఇంకా మాటల్లోనే ఉందని అర్థం, కదలకుండా నిలబడిపోయిందంటే మాటలు అయిపోయినట్టు. తల అన్నం గిన్నె వైపే ఉంది గాని కళ్ళు మాత్రం పక్కకు తిరిగి పిల్లవాణ్ణి చూస్తున్నాయి, కంటి తెలుపు కనబడుతోంది. గుర్రుమనడం లేదు, చప్పుడు లేదు. తెలియనివాళ్ళకు "ఎంత బుద్ధిగా నిలబడిందో" అనిపిస్తుంది.

కేకేస్తే ఉలిక్కిపడి మీద పడుతుంది. అందుకని నిదానంగా అటు నడుస్తూ, మామూలు గొంతుతోనే "మస్తాన్, లీషు చుట్టుకో. ఇంకొంచెం చుట్టుకో" అన్నాను. అంతలో రిషిగాడు జేజి గిన్నెలోంచి తానే గుప్పెడు అన్నం తీశాడు. జేజిలాగే చెయ్యి చాపి "బౌబౌ, తిను" అన్నాడు. గనెమ్మ ముందుకు వంగింది. వాడు జేజిలాగే చెయ్యి వెనక్కి లాక్కుని నవ్వాడు.

పళ్ళు టక్కున కొట్టుకున్న శబ్దం మా అందరికీ వినబడింది. మస్తాన్ అప్పటికే లీషు లాగాడు. నేను పిల్లవాణ్ణి రెక్క పట్టి ఎత్తేశాను. అన్నం మెతుకులు బండల మీద చెదిరాయి. వాడు బెదిరిపోయి గుక్కపట్టాడు. బుగ్గ, చెయ్యి, మెడ అన్నీ తడిమి తడిమి చూశాను. గీత కూడా లేదు. గనెమ్మ మస్తాన్ కాళ్ళ మధ్యకు దూరి, తోక కడుపు కిందికి ముడుచుకుని వణుకుతోంది. కింద పడిన మెతుకుల వైపు కూడా చూడలేదు.

శివారెడ్డి గోడకు ఆనించిన కట్టె అందుకున్నాడు. "నా కొడుకు మీదికే వస్తాదా ఇది" అని ముందుకొచ్చాడు. హారిక కేక పెట్టి గనెమ్మకు అడ్డం పరుగెత్తింది. నేను ఒక చేత్తో పిల్లవాణ్ణి ఎత్తుకుని, రెండో చేత్తో హారికను పట్టి ఆపాను. భయంలో ఉన్న కుక్క మీద పడడం ఎంత ప్రేమకైనా మంచిది కాదు.

ఆయన్ను ఆపింది నేను కాదు. ఓబులమ్మ. కూర్చున్న చోటి నుంచే గట్టిగా అన్నది.

"కట్టె పడెయ్‌రా శివా. నోటికాడి కూడు లాక్కుంటే నువ్వు ఊరుకుంటావా? నాలుగుమార్లు చూపించి పెట్టకపోతిని. దానికి నేను కూడు పెడతాండాననుకున్యాది. పాపం నాది."

ఆ మాటకు ఆయన చేతిలో కట్టె దిగింది. మా పనిలో దీనికి రిసోర్స్ గార్డింగ్ అని పేరు. తిండి తన నోటి దగ్గరకొచ్చాక ఇంకొకరు లాక్కుంటారనే భయంతో కుక్క కాపలా కాయడం, కరవడం. షెల్టరులో అది బయటపడలేదు. మా దగ్గర ఒక్కో కుక్కకు ఒక్కో గది, ఒక్కో గిన్నె. పెట్టిన గిన్నె ఎవరూ తియ్యరు. నేను గిన్నె దగ్గర చెయ్యి పెట్టి చూసినప్పుడు కూడా గనెమ్మ ఊరుకుంది, ఎందుకంటే నా చెయ్యి ఎప్పుడూ దానికి ఇచ్చిందే గాని తీసుకోలేదు.

అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. పిల్లవాడు ఊరుకున్నాడు, అందరికీ ప్రాణం కుదుటపడింది. అప్పుడు హారిక నా చీర కొంగు పట్టుకుంది.

"ఆంటీ, జేజి ఇంగ అట్ల తినిపియ్యదు. నేను చూసుకుంటా. దాన్ని ఈడనే ఉండనీ ఆంటీ."

"నేనింగ చూపియ్యనమ్మా, ఒట్టు" అన్నది ఓబులమ్మ.

కూతురి ముఖం చూసి శివారెడ్డి కూడా మెత్తబడ్డాడు. "రిషిగాడు తినేటప్పుడు దాన్ని కట్టేసుకుంటాంలే అక్కా" అన్నాడు. అనురాధ మాత్రం కొడుకును గుండెకు హత్తుకుని నిలబడింది.

ఇంతమంది ఒట్లు వేస్తుంటే కాదనడం ఎంత కష్టమో చూడండి. అందరూ మంచివాళ్ళే. ఎవరి మాటా అబద్ధం కాదు. నేను హారిక ముందు కూర్చుని చెప్పాను.

"జేజి మానుకుంటాది. మీ నాయన మానుకుంటాడు. మీ తమ్ముడు మానుకోడమ్మా. వానికి రెండేళ్ళు. ఈ పొద్దు ఆట నేర్చుకున్యాడు. రేపు బిస్కెట్టు చూపిస్తాడు, ఎల్లుండి మామిడిపండు చూపిస్తాడు. నువ్వు బడికి పోయింటావు. గనెమ్మ ఒక్కతూరి కరిచిందంటే నీకు తమ్ముడి ముఖం మీద మచ్చ మిగుల్తాది, గనెమ్మ మిగలదు."

"నువ్వు చెడ్డదానివి" అన్నది హారిక. నాతో మాట్లాడడం అదే ఆఖరు అన్నట్టు లోపలికి వెళ్ళి తలుపేసుకుంది.

వ్యానులో తిరిగి వస్తుంటే నాకు ఏడుపాగలేదు. మూడో తరగతి పిల్ల మాటకు ఏడుస్తావా అని నన్ను నేను తిట్టుకున్నాను. మస్తాన్ రోడ్డు వైపే చూస్తూ "అక్కా, మావోడు చిన్నగున్నప్పుడు వాళ్ళమ్మ కోడికి పెడతానని చెప్పి తినిపించేది. మా కోడి ఎన్నిసార్లు మోసపోయిందో" అన్నాడు. నన్ను నవ్వించాలని చూశాడు పాపం. వెనక గనెమ్మ ముడుచుకుని పడుకుంది.

ఆదివారాలు గేటు దగ్గరికి ఎవరూ రాలేదు. గనెమ్మ మాత్రం అటే చూస్తూ కూర్చునేది. ఒకరోజు హారిక రాలేదు గాని ఓబులమ్మ వచ్చింది, ఒక్కతే, బస్సులో, చేతిలో క్యారియరుతో. చెప్పులు విడిచి లోపలికి వచ్చి, క్యారియరు తెరిచి రాగిసంగటి ముద్దలు బయటికి తీసింది.

"ఆ పొద్దు చూపించి పెట్టల్యా. ఇవి దాని ముద్దలే" అన్నది.

ఎలా పెట్టాలో చెప్పాను. గిన్నెలో వేసి, కింద పెట్టి, వెనక్కి జరిగి, తినేదాకా అటు పోకూడదని. ఆ ముసలమ్మ అచ్చం అలాగే చేసింది. గనెమ్మ మొదట ఆమె చేతి వైపు అనుమానంగా చూసింది. ఆమె వెనక్కి వెనక్కి జరిగి గోడకు ఆనుకుంది. అప్పుడు గనెమ్మ వచ్చి గిన్నె ఖాళీ చేసింది. ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "మా పిల్ల ఇంగా మాట్లాడదమ్మా నాతో" అన్నది. నాకు ఆమె మీద జాలేసింది. ఇద్దరం వేపచెట్టు కింద టీ తాగి, పిల్లల అలకల గురించి చాలాసేపు మాట్లాడుకున్నాం.

చలికాలం మొదట్లో బద్వేలు నుంచి రమణమ్మ అనే ఆమె పెంచుకోవడానికి కుక్క కోసం వచ్చింది. ఇంట్లోనే జాకెట్లు కుట్టుకునే మనిషి. కూతురు డిగ్రీ చదువుతూ కడపలో హాస్టల్లో ఉంటోంది. ఇంట్లో చిన్నపిల్లలు లేరు. గనెమ్మ ఆమెకు నచ్చింది, గనెమ్మకు కూడా ఆమె మెత్తటి గొంతు నచ్చింది. హోమ్ చెక్ అయింది, అన్నీ కుదిరాయి. గనెమ్మను అప్పజెప్పే రోజు ముందు శివారెడ్డికి ఫోను చేశాను. పిల్లకు చెప్పకుండా పంపడం అన్యాయమనిపించింది.

హారిక వచ్చింది. నాయన చెయ్యి పట్టుకుని, జేజి పక్కన నడుస్తూ. నన్ను పలకరించలేదు. గనెమ్మ ఆ పిల్లను చూసి పిచ్చెత్తినట్టు గంతులేసింది. కాసేపు ఇద్దరూ మూలన కూర్చున్నారు. వాచకం తెచ్చుకుంది కాబోలు, పద్యం వినబడింది. తర్వాత లేచి తిన్నగా రమణమ్మ ముందుకు వచ్చి నిలబడింది.

"మీ ఇంటికి చిన్నపిల్లోళ్ళు వస్తారా?"

రమణమ్మ నా వైపు చూసి, పిల్ల వైపు చూసి, నిజమే చెప్పింది. "కొలతలిచ్చేదానికి వచ్చే ఆడోళ్ళు సంకనేసుకుని తెస్తారమ్మా."

"అప్పుడు దీన్ని లోపలింట్లో పెట్టాల. వాళ్ళు పోయినాకనే ఇడవాల. అన్నం గిన్నె పెట్టినాక మళ్ళీ తీయకూడదు. చేత్తో చూపించి వెనక్కి తీసుకోకూడదు, ఎగతాళికి కూడా."

"సరే అమ్మా."

"దీనికి తెలుగు పద్యాలు ఇష్టం. లెక్కలు వద్దు."

"నాకూ అంతే" అన్నది రమణమ్మ. మస్తాన్ నవ్వాపుకోలేక వ్యాను వెనక్కి పోయాడు.

హారిక లీషు తీసి ఆమె చేతిలో పెట్టింది. పెట్టి, ఒక్క క్షణం వదల్లేదు. తర్వాత వదిలేసి చెప్పింది.

"ఇది శానా మంచిది. మా తమ్ముడు చిన్నోడు, అంతే."

ఆ రోజు తలుపేసుకున్న పిల్ల నోట ఈ మాట విని ఓబులమ్మ దాన్ని దగ్గరికి తీసుకుంది. అది కాదనలేదు. జేజి భుజంలో ముఖం పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. శివారెడ్డి అటు తిరిగి నిలబడ్డాడు. నేనైతే కన్నీళ్ళు దాచుకోవడానికి కూడా ప్రయత్నించలేదు.

అంతకుముందు నేను రూలు చెప్పేటప్పుడు కుక్క మీద ఏదో అనుమానం ఉన్నట్టు, లేదా పిల్లవాణ్ణి పెంచడం చేతకాదని అవతలివాళ్ళను అన్నట్టు వినబడేది. అందుకే వాళ్ళకు కోపమొచ్చేది, వాళ్ళ కోపం చూసి నాకు ఇంకా కోపమొచ్చేది. తప్పెవరిదీ లేని చోట కూడా కాదనాల్సి వస్తుందని, ఆ కాదనడాన్ని ప్రేమగా చెప్పొచ్చని ఆ పిల్ల నాకు నేర్పింది. ఇప్పుడు ఎవరైనా ఫోను చేసి "మా పిల్లోడు కుక్కను ఏమీ చెయ్యడు మేడం" అంటే నేను గొంతు పెంచను. "మీవాడు బంగారం. మా కుక్క కూడా బంగారమే. మీవాడు చిన్నోడు, అంతే" అంటాను. చాలామంది సరే అక్కా, వాడు కొంచెం పెద్దయ్యాక చేస్తాంలే అని పెట్టేస్తారు.